ఇంప్లాంట్ల ఆపరేషన్ తర్వాత కోలుకునే వారాలు: పాఠకుల ప్రశ్నలకు ప్లాస్టిక్ సర్జన్ సమాధానాలు

ఇంప్లాంట్లు (లోపల అమర్చే సిలికాన్ సంచులు) పెట్టి రొమ్ముల పరిమాణం పెంచుకునే శస్త్రచికిత్స గురించి ఈ శీర్షికకు ఇంతవరకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘చేయించుకోవచ్చా, వద్దా’ అని అడిగినవే. ఈసారి రాసినవారిలో ఒక్కరు తప్ప అందరూ చేయించుకున్నవారు, లేదా వారిని కనిపెట్టుకుని ఉన్నవారు. ఆపరేషన్ గంట, రెండు గంటల్లో ముగుస్తుంది, చాలామంది అదే రోజునో మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు, అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 32 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండు కాన్పుల తర్వాత రొమ్ములు బాగా తగ్గిపోవడంతో మావారి అంగీకారంతో ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. కండరం కింద అమర్చామని డాక్టరుగారు చెప్పారు. మా అత్తగారికి గానీ, మా అమ్మకు గానీ ఈ సంగతి తెలియదు. చిన్న గడ్డ తీయించుకున్నానని చెప్పాను. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాకూడదని నీళ్ల బకెట్లు మోయడం, బట్టలు పిండడం, రెండేళ్ల బాబును ఎత్తుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రానికి ఎడమవైపు బిగుసుకుపోయి, వాచినట్టు ఉంటోంది. లోపల ఏదైనా కదిలిపోయిందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందుగా, మీరు మీ సర్జన్‌కు ఈ వారంలోనే చూపించుకోవాలి. పని చేసిన రోజు సాయంత్రం బిగుసుకుని, రాత్రి విశ్రాంతి తీసుకోగానే తగ్గే నొప్పి చాలావరకు కండరం అలసటే అయివుంటుంది గానీ, రెండువైపులా కాకుండా ఒకవైపే వాపు కనిపిస్తున్నప్పుడు దాన్ని చేత్తో తాకి చూడనిదే, అవసరమైతే అల్ట్రాసౌండ్ తీయనిదే ఏ డాక్టరూ ధైర్యం చెప్పకూడదు. ఫోన్లో ఫొటో పంపి సరిపెట్టుకోకండి.

ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి రెండోదానికంటే పెద్దదై, గట్టిపడి, చర్మం నిగనిగలాడుతూ కమిలిపోయి, మాత్ర వేసుకున్నా నొప్పి ఆగకపోతే లోపల రక్తం చేరుతోందని అనుమానించాలి. ఇది ఎక్కువగా తొలి 24 నుంచి 48 గంటల్లో జరుగుతుంది, కానీ బరువు ఎత్తడం వల్ల తర్వాతి వారాల్లోనూ జరగవచ్చు. అప్పుడు మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి ఆ రక్తాన్ని తీసేయాల్సి వస్తుంది. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, విస్తరిస్తున్న ఎరుపు, కుట్ల దగ్గర చెమ్మ లేదా చీము ఇన్ఫెక్షన్ సూచనలు. ఇన్ఫెక్షన్ ఇంప్లాంట్ దాకా వెళ్తే యాంటీబయాటిక్స్ ఒక్కటే సరిపోకపోవచ్చు. దాన్ని తీసేసి, కొన్ని నెలలు ఆగి మళ్లీ పెట్టాల్సిన పరిస్థితి రావచ్చు. పిక్కలో నొప్పి, ఒక కాలే వాచడం, ఆయాసం, ఛాతీలో పొడిచినట్టుండటం కనిపిస్తే సర్జన్ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా దగ్గరలోని పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక బరువుల సంగతి. రొమ్ము వెనక ఉండే పెద్ద ఛాతీ కండరం రొమ్ముటెముక నుంచి బయలుదేరి భుజం కింద చేతి ఎముకకు అతుక్కుని ఉంటుంది. ఇంప్లాంట్‌ను కండరం కింద అమర్చేటప్పుడు దాని కింది అంచును కొంతమేర విడదీస్తాం. మీరు బకెట్ ఎత్తినా, దుప్పటి పిండినా, బిగుసుకుపోయిన తలుపును నెట్టినా ఆ కండరమే ముడుచుకుని, ఇంప్లాంట్‌ను పైకీ పక్కకూ తోస్తుంది. శరీరం ఇంప్లాంట్ చుట్టూ తనంతట తాను ఒక పలుచని పొరను అల్లుకుంటుంది, అదే దాన్ని చోటు కదలకుండా పట్టి ఉంచుతుంది. అది గట్టిపడటానికి వారాలు పడుతుంది. ‘6 వారాలు బరువులు వద్దు’ అని దాదాపు ప్రతి సర్జన్ చెప్పడానికి కారణం ఇదే. కుట్లు ఆరిపోవడం వేరు, లోపల చోటు కుదురుకోవడం వేరు. పైగాయం రెండు వారాల్లో మానినట్టు కనిపించడం వల్లే చాలామంది మూడో వారంలో పొరపాటు చేస్తారు.

ఈ వారాల్లో రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దు. రెండేళ్ల బాబు 11, 12 కిలోలు ఉంటాడు. నీళ్ల క్యాన్ 20 లీటర్లంటే 20 కిలోలు. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపితే దానికి రెట్టింపు. బాబును నిలబడి ఎత్తుకోకుండా మీరు కూర్చుని, వాణ్నే మీ ఒడిలోకి ఎక్కనివ్వండి, ఛాతీకి అడ్డంగా ఒక దిండు పెట్టుకోండి, ఎందుకంటే ఆ వయసు పిల్లల మోచేతులకు, తలకు అదుపుండదు. కుక్కర్, పిండి గిన్నె, నూనె డబ్బా పై అలమరలో ఉంటే గట్టు మీదకు దింపించుకోండి. చపాతీలు ఒత్తడం, కొబ్బరి తురమడం, నేల తుడవడం బరువు పనులుగా కనిపించవు కానీ, ఇవన్నీ ఛాతీ కండరంతో తోసే పనులే. నేల మీద నుంచి చేతులు ఆనించి లేవకండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు ఎవరైనా మీ వీపు వెనక చెయ్యి వేసి లేపాలి గానీ, చేతులు పట్టుకుని లాగకూడదు. నొప్పి మాత్రలు మానేసి, సడన్ బ్రేక్ వేయగలిగే స్థితికి వచ్చాక కారు నడపవచ్చు. స్కూటర్‌కు ఇంకా ఎక్కువ కాలం ఆగాలి, మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే కదా. అలాగని చేతులు అసలు కదపకుండా కూర్చుంటే భుజం పట్టేస్తుంది. భుజం ఎత్తు దాటకుండా చేతులు ఆడిస్తూ, తేలికపాటి పనులు మెల్లగా మొదలుపెట్టండి.

మీరు అడగకపోయినా ఇంకొక మాట చెప్పాలి. మీ శరీరం గురించి ఊరందరికీ చెప్పాల్సిన అవసరం మీకు లేదు. అయితే మీ ఉత్తరం చదివితే మీ ఇబ్బంది ఆపరేషన్ వల్ల వచ్చినదానికంటే, దాచడం వల్ల వచ్చినదే ఎక్కువగా కనిపిస్తోంది. పైగా రొమ్ములో గడ్డ అని చెబితే, ఏ తల్లికైనా మొదట గుర్తొచ్చేది క్యాన్సరే. మీ అమ్మగారు మీకు చెప్పకుండా ఎంత భయపడుతున్నారో మీకు తెలియదు. ‘ఛాతీ కండరానికి ఆపరేషన్ జరిగింది, జబ్బేమీ కాదు, 6 వారాలు బరువులు ఎత్తవద్దన్నారు’ అని చెప్పండి. అందులో అబద్ధం లేదు, అడిగినవారికి అంతకంటే వివరం ఇవ్వాల్సిన పనీ లేదు. ఇంట్లో ఒక్క మనిషికైనా, వీలైతే ఒక ఆడమనిషికి, పూర్తి నిజం తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే అర్ధరాత్రి ఒకవైపు వాచిపోతే ఎవరో ఒకరు మీతోపాటు ఆసుపత్రికి రావాలి. మీవారు అంగీకరించి చేయించిన ఆపరేషన్ కాబట్టి, ఈ మిగిలిన వారాలు బకెట్లు మోసే పని కూడా ఆయనదే.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, 26 ఏళ్లు. ఆపరేషన్ జరిగి పది రోజులు దాటింది. రొమ్ములు మెడ కిందికి ఎక్కి, పలకగా, రాయిలా ఉన్నాయి. కుడివైపుది ఎడమదానికంటే పైన ఉంది. వంగినప్పుడు లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు వస్తోంది. వీడియోల్లో కొందరు మసాజ్ చేయమంటున్నారు, కొందరు ముట్టుకోవద్దంటున్నారు. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు వర్ణించినవన్నీ రెండో వారంలో సాధారణంగా కనిపించేవే. వాపు మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కమిలిన రంగు ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ పొట్ట మీదకు దిగుతుంది. బిగుసుకున్న కండరం ఇంప్లాంట్లను పైకి నొక్కి ఉంచడం వల్ల పైభాగం ఉబ్బుగా, కిందిభాగం ఖాళీగా కనిపిస్తుంది. కండరం సడలి, కింది చర్మం సాగే కొద్దీ అవి దిగుతాయి. దీనికి దాదాపు 3 నెలలు, కొందరికి 6 నెలలు పడుతుంది. రెండువైపులా ఒకేసారి దిగడం అరుదు. అసలు ఆపరేషన్‌కు ముందు కూడా ఏ స్త్రీకీ రెండు రొమ్ములూ అచ్చంగా ఒకలా ఉండవు, ఎవరూ అప్పుడు కొలిచి చూసుకోరు, అంతే. చప్పుడు లోపల మిగిలిన గాలి, ద్రవం వల్ల వస్తుంది, కొద్ది వారాల్లో శరీరం వాటిని పీల్చుకుంటుంది. ఇంప్లాంట్ చిరిగిందని దాని అర్థం కాదు.

మసాజ్ విషయంలో వీడియోలు చెప్పేవాళ్లకు మీ లోపల ఏ ఇంప్లాంట్ ఉందో తెలియదు. నున్నగా, గుండ్రంగా ఉన్నవాటికి కొందరు సర్జన్లు మసాజ్ చెబుతారు, కొందరు చెప్పరు. నీటిబొట్టు ఆకారంలో ఉన్నవి మసాజ్‌తో తిరగబడే ప్రమాదం ఉంటుంది, అప్పుడు ఆకారమే మారిపోతుంది. కాబట్టి మీకు ఆపరేషన్ చేసిన సర్జన్ చూపించిన పద్ధతిలో, ఆయన చెప్పిన రోజు నుంచే చేయాలి, చెప్పకపోతే మానేయాలి. ఇదే సందర్భంలో, ఆసుపత్రి నుంచి ఇంప్లాంట్ కార్డు తీసుకున్నారో లేదో చూసుకోండి. కంపెనీ పేరు, మోడల్, పరిమాణం, క్రమసంఖ్య అందులో ఉంటాయి. గరుకు ఉపరితలం గల అలర్గన్ కంపెనీ బయోసెల్ ఇంప్లాంట్లను 2019 జులైలో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు, వాటితో ఒక అరుదైన లింఫోమాకు (రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్‌కు) సంబంధం ఉందని తేలింది. అలాంటి ప్రకటన వచ్చిన రోజున, తనకు ఏది పెట్టారో తెలియని మనిషి నిజంగా ఇరుకున పడుతుంది.

ఇప్పటి గట్టిదనానికి భయపడనక్కర్లేదు. మెత్తబడిన తర్వాత, నెలలకో ఏళ్లకో, మళ్లీ గట్టిపడి ఆకారం మారుతూ నొప్పి మొదలైతే చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటోందని అనుమానించి చూపించుకోవాలి. సర్జన్ ఇచ్చిన తీగ లేని బ్రాను 4 నుంచి 6 వారాలు రాత్రీపగలూ వేసుకోండి. ముందు హుక్కులుండే మన జాకెట్టు, ముందు గుండీలుండే నైటీ ఈ రోజుల్లో ఎంతో సౌకర్యం, చేతులు పైకెత్తి తొడుక్కునేవి వద్దు. కొత్త బ్రాలు కొనడానికి 3 నెలలు ఆగండి, సైజు ఇంకా మారుతుంది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగానికి చాలామంది ఒకటి రెండు వారాల్లో వెళ్లగలుగుతారు, కానీ ల్యాప్‌టాప్ బ్యాగు భుజానికి వేసుకోకండి. జిమ్‌లో పుషప్స్, యోగాలో సూర్యనమస్కారాలు, భుజంగాసనం వంటివి సర్జన్ పరీక్షించి సరేనన్నాకే, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాకే.

ప్రశ్న: మా అమ్మాయి మాకు చెప్పకుండా ఈ ఆపరేషన్ చేయించుకుని, తర్వాత చెప్పింది. కోపం వచ్చింది గానీ, ఇప్పుడు నా దగ్గరే ఉంది, నేనే చూసుకుంటున్నాను. పప్పు, వంకాయ, గుడ్డు పెడితే చీము పడుతుందని పెట్టడం లేదు. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె రాయవచ్చా? నొప్పి ఉన్నచోట కాపడం పెట్టవచ్చా? నాలుగు రోజులుగా విరేచనం కాక బాధపడుతోంది. – ఒక తల్లి, కరీంనగర్

సమాధానం: అమ్మా, కోపం పక్కన పెట్టి దగ్గరుంచుకున్నారు, ఆమెకు అంతకంటే మంచి వైద్యం ఇంకొకటి లేదు. పథ్యం మాత్రం సడలించండి. పప్పు వల్ల, గుడ్డు వల్ల, వంకాయ వల్ల చీము పట్టదు, క్రిములు గాయంలోకి చేరితే పడుతుంది. గాయం మానడానికి మాంసకృత్తులే ముఖ్యం, కాబట్టి ముద్దపప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ పెట్టండి. ఏదైనా పదార్థం ఆమెకు ఇదివరకే దురదలు తెప్పించేదైతే అది ఒక్కటి మానేస్తే చాలు. ఊరగాయలు, అప్పడాలు కాస్త తగ్గించండి, ఉప్పు ఎక్కువైతే వాపు తీయడం ఆలస్యమవుతుంది.

విరేచనం కాకపోవడానికి ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కదలకుండా పడుకోవడం సాధారణ కారణాలు. ముక్కడం ఇప్పుడు మంచిది కాదు. నీళ్లు, బొప్పాయి, ఆకుకూరలు, రాత్రి ఇసబ్‌గోల్ ఇస్తూ ఇంట్లోనే అటూ ఇటూ నడిపించండి. ఆ నడక కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కూడా కాపాడుతుంది. ఇప్పటికే నాలుగు రోజులైంది కాబట్టి సర్జన్‌కు ఫోన్ చేసి తగిన మందు అడగండి, నొప్పి మాత్రను మార్చే వీలుంటే మారుస్తారు. పొట్ట ఉబ్బి వాంతులైతే ఫోన్‌తో సరిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సొంతంగా ఆస్పిరిన్ వంటివి వేయకండి, విటమిన్ ఇ, చేపనూనె గుళికలు వాడుతుంటే ఆ విషయం కూడా చెప్పండి, ఇవి రక్తస్రావాన్ని పెంచగలవు.

పసుపు కూరలో ఎంతైనా వేయండి, కుట్ల మీద వద్దు. కొబ్బరినూనె కూడా గాయం పూర్తిగా మూసుకునేవరకు వద్దు. కాపడం మాత్రం అస్సలు పెట్టవద్దు. ఈ ఆపరేషన్ తర్వాత రొమ్ము చర్మంలో స్పర్శ బాగా తగ్గిపోతుంది. వేడి ఎక్కువైన సంగతి ఆమెకు తెలిసేలోపే చర్మం కాలి బొబ్బ ఎక్కుతుంది. ఐసు గడ్డలను నేరుగా పెట్టినా అదే ప్రమాదం. స్నానానికి సర్జన్ అనుమతి ఇచ్చాక, సాధారణంగా 48 గంటల తర్వాత, నీళ్లు పైనుంచి జారేలా పోయవచ్చు. తలస్నానం మీరే చేయించండి, ఆమె చేతులు పైకెత్తే పని ఉండదు. నదీస్నానం, ఈతకొలను నెలన్నర దాకా వద్దు. పడుకునేటప్పుడు వీపు వెనక దిండ్లు పెట్టి, వెల్లకిలా, తలవైపు ఎత్తుగా ఉంచండి. పక్కకు తిరిగి పడుకోవడానికి సర్జన్ చెప్పేదాకా ఆగాలి, బోర్లా పడుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం. డాక్టర్ రాసిన యాంటీబయాటిక్స్ నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. నాలుగు వారాల సెలవులో హైదరాబాద్ వచ్చి, ముందు బంధువుల పెళ్లి చూసుకుని, చివరి పది రోజుల్లో ఆపరేషన్ చేయించుకుని తిరిగి వెళ్లాలనుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఖర్చు తక్కువ. ఇబ్బంది ఉంటుందా?

సమాధానం: ఉంటుంది. శస్త్రచికిత్స తర్వాత తొలి వారాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ, దానికి దాదాపు ఒక రోజంతా పట్టే విమాన ప్రయాణం తోడైతే ఇంకా పెరుగుతుంది. 23 కిలోల పెట్టెలను బెల్టు మీద నుంచి లాగడం గురించి మొదటి ఉత్తరానికి రాసినదంతా మీకూ వర్తిస్తుంది. అంతకంటే పెద్ద సమస్య మరొకటి ఉంది. రెండో, మూడో వారంలో ఇన్ఫెక్షన్ వస్తే, ఆపరేషన్ చేసిన సర్జన్ సముద్రం అవతల ఉంటారు, మీ డాలస్‌లోని సర్జన్లలో చాలామంది వేరొకరు చేసిన కేసును చేపట్టడానికి వెనకాడతారు, చేపట్టినా ఆదా అయిన డబ్బు ఒక్క బిల్లుతో పోతుంది. రావాలనే అనుకుంటే ఆపరేషన్‌ను సెలవు మొదట్లో పెట్టుకోండి, పెళ్లికి కుర్చీలో కూర్చుని అక్షింతలు వేయవచ్చు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా డి.ఎన్.బి. అర్హత ఉన్న సర్జన్‌నే ఎంచుకోండి. వెళ్లేటప్పుడు ఇంప్లాంట్ కార్డు, ఆపరేషన్ నోట్స్ వెంట ఉంచుకోండి. విమానంలో బిగుతు మేజోళ్లు వేసుకుని, మధ్యమధ్య లేచి నడవండి. సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నవారు 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి రెండు మూడేళ్లకు అల్ట్రాసౌండ్ లేదా ఎం.ఆర్.ఐ. తీయించుకోవాలని అమెరికా ప్రభుత్వ ఔషధ, వైద్యపరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. సూచిస్తోంది. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని కూడా ఆ సంస్థే చెబుతోంది. ఆ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: నా భార్య ఎంతో ఇష్టపడి చేయించుకుంది. ఇప్పుడు రెండో వారంలో రాత్రిళ్లు ఏడుస్తోంది, ఎందుకు చేయించుకున్నానా అంటోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. – ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: నొప్పి, నిద్రలేమి, మందుల ప్రభావం, తలదువ్వుకోవడానికి కూడా ఒకరి మీద ఆధారపడాల్సి రావడం, అద్దంలో తనది కానట్టు కనిపించే వాచిన శరీరం, ఇవన్నీ ఒకేసారి మీద పడినప్పుడు ఏడుపు రావడం సహజం. ‘నేను ముందే చెప్పాను కదా’ అన్నమాట ఎంత కోపంలోనూ అనకండి, ‘చాలా బాగుంది’ అని పదేపదే పొగడనూ వద్దు, ఎందుకంటే తనకు ఇప్పుడు బాగున్నట్టు అనిపించడం లేదు. వినండి, మాత్రల వేళలు మీరు చూసుకోండి, వంటింటి పని తన మీద పడకుండా చూడండి. ఉంచుకోవాలా, తీయించుకోవాలా అన్న నిర్ణయం 3 నెలలు దాటేవరకు వాయిదా వేయమనండి. ఇంప్లాంట్లను తర్వాతైనా తీయవచ్చు. ఈ దిగులు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, తిండి మానేస్తే, చనిపోవాలన్న మాట ఒక్కసారి వచ్చినా వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: నెల దాటింది. ఒక చనుమొనకు స్పర్శ లేదు, రెండోది బట్ట తగిలినా జివ్వుమంటోంది. రొమ్ము కింద సన్నని తాడులాంటిది చేతికి తగులుతోంది. ఇంకా పెళ్లి కాలేదు, రేపు పిల్లలకు పాలివ్వగలనా? మచ్చ కూడా ఎర్రగా ఉంది. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: సాగిన నరాలు కోలుకునే క్రమంలో మొద్దుబారడం, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం రెండూ ఉంటాయి. ఎక్కువమందికి నెలల్లో తగ్గుతాయి, ఏడాది పైన పట్టేవారూ ఉన్నారు, కొద్దిమందికి స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. తాడులాంటిది చర్మం కింద మూసుకుపోయిన చిన్న సిర అయివుండవచ్చు, అది సాధారణంగా కొన్ని వారాల్లో తనంతట తానే పోతుంది, అయినా తర్వాతి సారి వెళ్లినప్పుడు సర్జన్‌కు చూపించండి. రొమ్ము కింది మడతలో గానీ, చంకలో గానీ కోత పెట్టినవారిలో పాలగ్రంథులకు అంతగా దెబ్బ తగలదు కాబట్టి చాలామంది పాలివ్వగలుగుతారు, చనుమొన చుట్టూ కోత పెట్టినప్పుడు ఆ అవకాశం కొంత తగ్గుతుంది. మచ్చ తొలి నెలల్లో ఎర్రగా, ఉబ్బుగా ఉండి, పాలిపోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ, సిలికాన్ పట్టీ గానీ సర్జన్ సలహాతో మొదలుపెట్టి కొన్ని నెలలు వాడండి. మనలాంటి చామనఛాయ చర్మంలో కెలాయిడ్ వచ్చే అవకాశం ఎక్కువ. మచ్చ దురదపెడుతూ, దళసరిగా పెరిగి, కోత గీతను దాటుతుంటే తొలిదశలోనే ఇంజెక్షన్లతో అదుపు చేయడం తేలిక, కాబట్టి అప్పుడు నెలల తరబడి ఆగకుండా వెళ్లి చూపించుకోండి.